నంబరు నాన్నది, అకౌంటు పిల్లది

జూలై 7, 2025, సోమవారం. నరసరావుపేట

ఈ సెమిస్టర్ నుంచి కాలేజీ మెయిల్ ఐడీలన్నిటికీ టూ స్టెప్ వెరిఫికేషన్ తప్పనిసరి. ఆ పని నాకు అప్పగించారు. నోటీసు బోర్డులో పెట్టడానికి ఒక పేజీ రాశాను. పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా ఉంటే, అది తెలిసినవాడు నేరుగా లోపలికి వచ్చేస్తాడు. దానితోపాటు విద్యార్థి చేతిలోని ఫోన్ నుంచి ఇంకో రుజువు కూడా అడిగితే పాస్‌వర్డ్ పోయినా అకౌంటు నిలబడుతుంది. మెయిల్‌లోకి దూరినవాడికి ఏమేం దొరుకుతాయో కూడా రాశాను: ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల లాగిన్, అసైన్‌మెంట్లు, ఇంటర్న్‌షిప్ లెటర్లు, డ్రైవ్‌లో దాచుకున్న ఆధార్, పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం. మా పిల్లలు స్కాన్ చేయించుకున్న ప్రతి కాగితం ఆ డ్రైవ్‌లోనే ఉంటుంది.

జూలై 9, బుధవారం

మొదటి బ్యాచ్ ల్యాబ్‌కి వచ్చింది. ఫోన్ నంబర్ అడిగే గడి స్క్రీన్ మీదకి రాగానే చాలామంది చేతులు ఆగిపోయాయి. "మేడమ్, నాన్న నంబర్ ఇవ్వొచ్చా?"

దుర్గి వైపు నుంచి వచ్చే అమ్మాయి వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. ఆయన పత్తి చేలో ఉన్నాడు.

"నాన్నా, మెసేజ్ వచ్చుంటది చూడు. అంకెలు చెప్పు."

"ఏందమ్మా, ఇందులో శానా ఉండయ్యి. ఏది జెప్పాల?"

"జీ అని ఇంగ్లీషు అక్షరం ఉంటది నాన్నా, దాని పక్కన చిన్న గీత, ఆరంకెలు."

ఆయన ముందు గ్యాస్ బండ కోడ్ చదివాడు. తర్వాత బ్యాంకు మెసేజ్‌లోది. కళ్లద్దాలు ఇంటి దగ్గరే ఉండిపోయాయట. పక్క చేలో కుర్రాణ్ణి కేకేసి ఫోన్ చేతికిచ్చాడు. ఆ అబ్బాయి గడగడా చదివాడు. కోడ్ సరిపోయింది, అమ్మాయి మొహం వెలిగింది. కానీ అప్పటికే ఆ ఆరంకెలు నాన్నకి, పక్క చేలో కుర్రాడికి, ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లందరికీ తెలిసిపోయాయి. పైగా బ్యాంకు కోడ్ కూడా విన్నాం.

జూలై 10, గురువారం

నంబరు నాన్నది ఎందుకయిందో ఆలోచిస్తే తప్పు ఎవరిదీ అనిపించదు. ఇంటర్‌లో చేరేనాటికి పిల్లకి ఫోన్ లేదు. ఈఏపీసెట్ దరఖాస్తులో నాన్న నంబరే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం సచివాలయంలో రాయించిందీ అదే. మేం కూడా అడ్మిషన్ ఫారంలో ఆ నంబరే ఎక్కించుకున్నాం.

అబ్బాయిల సంగతి వేరు. ఫోన్ సొంతమే, సిమ్ మాత్రం రీఛార్జ్ ఆఫర్‌ని బట్టి మారుతుంటుంది. మూలన పడేసిన సిమ్‌ని తొంభై రోజులు వాడకపోతే కంపెనీ ఆపేయొచ్చు. ఆపేశాక ఇంకో తొంభై రోజుల దాకా ఆ నంబర్ ఎవరికీ ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ గడువు దాటితే అది కొత్త మనిషి చేతికి పోతుంది. పాత అకౌంట్లకి వచ్చే కోడ్‌లు కూడా ఆ మనిషికే పోతాయి.

ఆడపిల్లల విషయంలో నాకు మరీ కష్టంగా ఉంది. కోడ్ అన్న ఫోన్‌కి వెళ్తుంటే, అన్న ఇంట్లో ఉండి, ఇష్టపడి చెప్పినప్పుడే చెల్లెలు తన మెయిల్ తెరుచుకోగలదు. ఉద్యోగం వచ్చిందన్న మెయిల్ అయినా సరే.

జూలై 15, మంగళవారం

మా పిల్లల్లో చాలామంది జీమెయిల్ అకౌంట్లు వాళ్లు తెరిచినవి కావు, దరఖాస్తులు నింపే రోజున నెట్ సెంటర్‌లో తెరిచి ఇచ్చినవి. రికవరీ నంబర్ నెట్ సెంటర్ ఆయనది. పాస్‌వర్డ్ పిల్లవాడి పేరు, ఎట్ గుర్తు, ఒకటి రెండు మూడు. సాయంత్రం బస్టాండ్ వైపు వెళ్లి అలాంటి ఒకాయన్ని కలిశాను. అట్ట చిరిగిన పొడుగు పుస్తకం తీసి చూపించాడు. పేరు, హాల్‌టికెట్ నంబర్, మెయిల్, పాస్‌వర్డ్. వరసకు ఒక పిల్లవాడు. పేజీల కొద్దీ ఉన్నాయి.

"మర్చిపోతారు మేడమ్. ఆప్షన్లు పెట్టే రోజు ఏడ్చుకుంటా వస్తారు. రాసి పెట్టుకోకపోతే వాళ్ల సీటే పోద్ది గదా."

ఆయన మంచివాడు. మేం చేయాల్సిన పని ఆయన చేస్తున్నాడు. కానీ ఆ పుస్తకం రాత్రంతా తాళం లేని సొరుగులో ఉంటుంది. మా కాలేజీ పిల్లల్ని పంపిస్తాను, మీ నంబర్ తీసేసి వాళ్లది పెట్టించి, ఆ వరస కొట్టేయండి అని అడిగాను. వెంటనే ఒప్పుకున్నాడు. "నాకూ ఆ బరువు ఎందుకు మేడమ్" అన్నాడు.

జూలై 24, గురువారం

కొందరు అబ్బాయిలకి నా మీద కోపం వచ్చింది. ఎన్‌పీటెల్ అసైన్‌మెంట్లు ఒకడు చేసి, స్నేహితుల పాస్‌వర్డ్‌లతో అందరివీ పెట్టేస్తున్నాడట. ఇప్పుడు లాగిన్ అయినప్పుడల్లా ఫోన్ ఎవరిదో వాడు పక్కన ఉండాలి.

క్లాసులో వాళ్లకి అలన్ షెర్ కథ చెప్పాను. కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టడం 1961లో ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం మొదలుపెట్టింది. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకోవాలి, ఎవరి ఫైళ్లు వాళ్లకే కనపడాలి. అక్కడే పరిశోధన చేస్తున్న షెర్‌కి వారానికి నాలుగు గంటలే ఇచ్చారు, అవి చాల్లేదు. 1962లో ఒక పంచ్ కార్డు పెట్టి పాస్‌వర్డ్‌ల ఫైలు మొత్తం ప్రింట్ తీయించుకున్నాడు, వేరేవాళ్ల పేరుతో లాగిన్ అయి పని చేసుకున్నాడు. యూనివర్సిటీల్లో పాస్‌వర్డ్ వచ్చిన మరుసటి ఏడే పాస్‌వర్డ్ దొంగతనం కూడా వచ్చిందన్నమాట, అదీ అదనపు టైం కోసం. వెనక బెంచీ బాగా నవ్వింది. అసైన్‌మెంట్ల సంగతి మాత్రం నేను వదల్లేదు.

ఆగస్టు 2, శనివారం

ఉదయం గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి గేటు దగ్గరే "కోడ్ చెప్పండమ్మా" అన్నాడు. వీధిలో అందరూ గట్టిగా చదివి చెబుతారు, నేనూ చెప్పాను. అది చెప్పాల్సిందే, చెప్పకపోతే బండ దిగదు. పీఎం కిసాన్ ఈకేవైసీకి వెళ్తే అక్కడ కూర్చున్నతనికి ఓటీపీ చెప్పాలి. పార్సిల్ తెచ్చినవాడికీ చెప్పాలి. వారమంతా అడిగినవాళ్లకల్లా చెబుతూ ఉన్న మనిషికి, బ్యాంకు పేరుతో వచ్చిన ఫోన్‌కి మాత్రం చెప్పొద్దని ఒక్క ముక్కలో నేర్పితే ఎలా తలకెక్కుతుంది? ఎదుటి మనిషికి చెప్పడానికి వచ్చే కోడ్ వేరు, మనమే స్క్రీన్ మీద కొట్టడానికి వచ్చే కోడ్ వేరు. రెండూ ఒకే పేరుతో, ఒకే మెసేజ్ పెట్టెలోకి వచ్చి పడుతున్నాయి. ఈ తేడాని పిల్లలకంటే ముందు తల్లిదండ్రులకి చెప్పాలి. పేరెంట్స్ మీటింగ్‌లో పది నిమిషాలు అడుగుతాను.

ఆగస్టు 11, సోమవారం

ఎస్సెమ్మెస్ వదిలి అథెంటికేటర్ యాప్‌కి మార్చడం మొదలుపెట్టాం. స్క్రీన్ మీద నల్లగళ్ల బొమ్మని ఫోన్‌తో స్కాన్ చేస్తే ఒక రహస్య సంఖ్య ఫోన్‌లోకి చేరుతుంది. అదే సంఖ్య సర్వర్ దగ్గరా ఉంటుంది. ముప్పై సెకన్లకోసారి ఫోనూ సర్వరూ ఆ సంఖ్యని, అప్పటి సమయాన్ని కలిపి ఒకే లెక్క వేసుకుంటారు. చివర ఆరంకెలు మిగులుతాయి. అవి రెండు వైపులా ఒకటైతే తలుపు తెరుచుకుంటుంది. ఈ పద్ధతిని 2011లో ప్రమాణంగా రాసి అందరికీ ఇచ్చారు. దీనికి సిగ్నల్ అక్కర్లేదు, రీఛార్జ్ అక్కర్లేదు, నాన్న అక్కర్లేదు.

మాచర్ల నుంచి వచ్చే ఒకబ్బాయికి ఎన్నిసార్లు కొట్టినా కోడ్ తప్పే అంటోంది. యాప్ తీసేసి మళ్లీ వేశాడు, అదే వరస. ఫోన్ తీసుకుని చూస్తే పైన గడియారం మా ల్యాబ్ గోడ గడియారం కంటే చాలా ముందుంది. గేమ్‌లో లైఫ్‌లు తొందరగా రావడానికి టైం ముందుకి జరిపి పెట్టుకున్నాడు. సమయాన్ని ఆటోమేటిక్‌కి మార్చగానే మొదటిసారికే తీసుకుంది. లెక్కలో సమయం ఎంత ముఖ్యమో బోర్డు మీద అరగంట చెప్పినా ఇంత బాగా ఎక్కేది కాదు. మిగతావాళ్లందరూ వాడి ఫోన్ చుట్టూ మూగారు.

ఆగస్టు 19, మంగళవారం

అమ్మకి నా పని ఏమిటో చెబుతుంటే సుందరకాండ గుర్తుచేసింది. అశోకవనంలో సీతమ్మ హనుమంతుడికి చూడామణి ఇచ్చింది. అంతటితో ఊరుకోలేదు, చిత్రకూటంలో కాకి తనని పొడిచిన సంగతి కూడా చెప్పి పంపింది, అది రాముడికి తప్ప ఇంకొకరికి తెలియదు. చేతిలో వస్తువు ఒకటి, మనసులో మాట ఒకటి. వస్తువైతే ఎవరైనా దొంగిలించి తేవచ్చు, మాటైతే ఎవరైనా చాటుగా వినొచ్చు. రెండూ ఒక్కడి దగ్గరే ఉంటే రాముడు నమ్ముతాడు. రేపు క్లాసులో దీనితోనే మొదలుపెడతాను.

ఆగస్టు 25, సోమవారం

డిజిలాకర్‌లో ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీలు తెరిపించే రోజు. డిజిలాకర్‌లోకి వెళ్లడానికి ఆరంకెల పిన్, దానిపైన ఓటీపీ. అంటే మల్టీ ఫ్యాక్టర్ అనే మాట వినని పిల్లవాడు కూడా దాన్ని ఇప్పటికే వాడుతున్నాడు. రేపు డిగ్రీ సర్టిఫికెట్ వచ్చి పడేదీ అందులోనే.

2020లో ఇదే డిజిలాకర్‌లో సరైన ఓటీపీ లేకుండానే వేరేవాళ్ల ఖాతాలోకి వెళ్లగలిగే లోపం బయటపడింది. కనిపెట్టినవాళ్లు ముందు అధికారులకి చెప్పారు, సరిచేశారు, ఆ తర్వాతే బయటికి చెప్పారు. మా ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఓటీపీ పేజీ అందంగా పెట్టి, కోడ్ సరైనదో కాదో బ్రౌజర్‌లోనే చూసి వదిలేసేవి ప్రతి ఏడాదీ కనిపిస్తాయి. ఆ తనిఖీ సర్వర్ దగ్గర జరగాలి. ఈసారి వైవాలో అందరినీ అదే అడుగుతాను.

సెప్టెంబర్ 3, బుధవారం

రొంపిచర్ల నుంచి వచ్చే పిల్లవాడి మెయిల్ నుంచి క్లాసందరికీ లింకు వెళ్లింది, పరీక్ష ఫీజు ఇక్కడ కట్టండి అని. వాడి పాస్‌వర్డ్ అంతకుముందే ఏదో గేమ్ సైట్‌లో పోయి ఉంటుంది, ఇక్కడా అదే పెట్టుకున్నాడు. మరి రెండో రుజువు ఎలా దాటారు? కోడ్‌లు ఇంకా నాన్న ఫోన్‌కే వెళ్తున్నాయి. ఆయన వాట్సాప్ గ్రూపులో పీఎం కిసాన్ పేరుతో వచ్చిన ఏపీకే ఫైల్‌ని నొక్కి ఎక్కించుకున్నాడు. అలాంటి యాప్ ఒకసారి ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకుంటే, వచ్చిన ప్రతి ఓటీపీ దొంగకీ చేరుతుంది.

వాళ్ల నాన్న కాలేజీకి వచ్చారు. నా ముందు నిలబడి "మావాడికి ఏమన్నా అవుద్దా అమ్మా?" అని అడిగారు. ఆయన్ని కూర్చోబెట్టి ముందు బ్యాంకు సంగతి చూశాం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం, ఆ యాప్ తీసేయించాం. డబ్బు పోలేదు. పిల్లవాడి అకౌంటుని అన్ని ఫోన్ల నుంచీ బయటికి తోసి, పాస్‌వర్డ్ మార్చి, అథెంటికేటర్ యాప్ పెట్టించాం. క్లాసులో ఎవరూ డబ్బు కట్టలేదు, ఆ లింకులో క్యూఆర్ కోడ్ కింద పేరు చూసి ఒకమ్మాయి అనుమానపడి గ్రూపులో రాసింది. ఆ అమ్మాయిని నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించాను.

సెప్టెంబర్ 17, బుధవారం

డాలస్ దగ్గర ఎంఎస్ చదువుతున్న మా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. వాళ్ల యూనివర్సిటీలో డ్యుయో వాడతారు. మిచిగన్ యూనివర్సిటీ ఊరు యాన్ ఆర్బర్‌లో 2010లో పుట్టిన కంపెనీ అది, తర్వాత సిస్కో కొనుక్కుంది. పాస్‌వర్డ్ కొట్టగానే ఫోన్‌లో అడుగుతుంది, ఇది నువ్వేనా అని. అవును నొక్కితే చాలు. మొన్న అర్ధరాత్రి అలా ఆగకుండా వస్తూనే ఉన్నాయట. నిద్రలో విసుగు పుట్టి అవును నొక్కేస్తారని దొంగ ఆశ. వీడు కాదు నొక్కి, లేచి పాస్‌వర్డ్ మార్చుకున్నాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

2022 సెప్టెంబర్‌లో ఉబర్ కంపెనీలోకి ఇలాగే దూరారు. ఒక కాంట్రాక్టు ఉద్యోగికి ఊపిరాడకుండా రిక్వెస్టులు పంపి, ఆపైన వాట్సాప్‌లో కంపెనీ ఐటీ విభాగం వాళ్లమని చెప్పి ఒప్పించారు. 2023 మే నుంచి మైక్రోసాఫ్ట్ తన యాప్‌లో ఉత్తి అవును సరిపోదంటోంది, స్క్రీన్ మీద కనిపించే సంఖ్యని ఫోన్‌లో కొట్టాలి. నిద్రమత్తులో ఉన్నవాడికి ఆ సంఖ్య ఎక్కడ కనిపిస్తుంది?

వాడి ఇండియా సిమ్ పిడుగురాళ్లలో నాన్న దగ్గర ఉంది. బ్యాంకు ఓటీపీ కావాలంటే వీడియో కాల్ చేస్తాడు, నాన్న రెండో ఫోన్‌ని కెమెరా ముందు పెడతాడు. అక్కడ అంత కట్టుదిట్టం, ఇక్కడ ఇది. ఫ్లైట్ ఎక్కే పిల్లలకి బట్టల సర్దుడుతోపాటు ఈ సర్దుడు కూడా చేయించాలి.

అక్టోబర్ 10, శుక్రవారం

మైక్రోసాఫ్ట్ నిన్న పెట్టిన నివేదిక చదివాను. మార్చి నుంచి అమెరికా యూనివర్సిటీల ఉద్యోగుల జీతాలు దారి మళ్లిస్తున్న ముఠా గురించి. మూడు యూనివర్సిటీల్లో పదకొండు అకౌంట్లు చేజిక్కించుకుని, అక్కడి నుంచి 25 యూనివర్సిటీల్లో దాదాపు ఆరు వేల మెయిల్ ఐడీలకు ఎర మెయిళ్లు పంపారు. క్యాంపస్‌లో ఎవరికో జబ్బు సోకింది, మీరు వాళ్ల దగ్గరికి వెళ్లారేమో చూడండి అని. నొక్కితే అచ్చం లాగిన్ పేజీ. అందులో పాస్‌వర్డ్ కొడితే, కోడ్ కొడితే, రెండిటినీ అప్పటికప్పుడే అసలు సైట్‌కి అందిస్తారు. లోపలికి వెళ్లాక జీతం పడే బ్యాంకు ఖాతా మార్చేసి, ఆ మార్పు గురించి వచ్చే మెయిళ్లు వాటంతటవే డిలీట్ అయ్యేలా పెట్టేస్తారు.

యూనివర్సిటీల మీద ఈ పద్ధతి పాతదే. ఇరాన్‌లోని మాబ్నా ఇన్‌స్టిట్యూట్ తరఫున పనిచేసిన తొమ్మిదిమంది మీద 2018 మార్చిలో అమెరికా కేసు పెట్టింది. అమెరికాలో 144, ఇరవై ఒక్క ఇతర దేశాల్లో 176 యూనివర్సిటీలు. ప్రొఫెసర్ల పాస్‌వర్డ్‌లు పట్టుకుని జర్నళ్లు, పరిశోధనలు తోడుకుపోయారు. ఈ ఏడాది జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, ప్రభుత్వ యూనివర్సిటీల, కాలేజీల పిల్లలకి దాదాపు పదమూడు వేల జర్నళ్లు అందుతాయి. ఇక్కడి లాగిన్‌కి కూడా ఇప్పుడు విలువ ఉంది. మా ఊళ్లో ఏముందిలే, మనల్నెవరు చూస్తారు అనే మాట స్టాఫ్ రూమ్‌లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

యాప్ కోడ్‌ని కూడా దొంగ పేజీ మింగేస్తోంది కాబట్టి పాస్‌వర్డ్ బదులు పనిచేసే పాస్‌కీల దాకా వెళ్లక తప్పదు. పాస్‌కీ ఏ సైట్ కోసం పుట్టిందో ఆ చిరునామాకే జవాబిస్తుంది. అచ్చుగుద్దినట్టున్న దొంగ పేజీ వచ్చినా, అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా పలకదు. పిల్లవాడు మోసపోయినా అది మోసపోదు.

అక్టోబర్ 29, బుధవారం

మొంథా తుపాను రాత్రి తీరం దాటింది. కాలేజీకి సెలవు. మా వీధిలో కరెంటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ పుల్లలు వస్తూ పోతూ ఉన్నాయి. పత్తి తడిసిపోయిందని పిల్లల గ్రూపులో ఫొటోలు. తీయడానికి సిద్ధంగా ఉన్న పత్తి. ఈ రోజు ఇంకేం రాయబుద్ధి కావడం లేదు.

అక్టోబర్ 31, శుక్రవారం

ఇంటర్న్‌షిప్ ఫారం గడువు మొన్న రాత్రితో ముగిసింది. గురజాల దగ్గర పల్లెలో ఉన్న పిల్ల ఇంటి మేడ ఎక్కితే నెట్ కాసేపు అందిందట. ఎస్సెమ్మెస్ వచ్చే ఆశ లేదు. యాప్‌లో కోడ్ చూసుకుని లోపలికి వెళ్లి పంపేసింది. అదే ఊళ్లో ఇంకో కాలేజీ అబ్బాయి ఓటీపీ కోసం ఎదురుచూసి గడువు పోగొట్టుకున్నాడని చెప్పింది. వాడి గురించి బాధపడుతూనే చెప్పింది.

నవంబర్ 6, గురువారం

మాచర్ల రైల్లో ఒకబ్బాయి ఫోన్ పోయింది. ముందే చెప్పి ఉంచినట్టు బ్యాకప్ కోడ్‌ల కాగితం ఐడీ కార్డు కవర్‌లో మడిచి పెట్టుకున్నాడు. పది కోడ్‌లు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఒకటి వాడి లోపలికి వెళ్లాడు, పోయిన ఫోన్‌ని తీసేశాడు, ఆ కోడ్ మీద పెన్నుతో గీత కొట్టాడు.

ఆ కాగితం కూడా లేనివాళ్లు నా దగ్గరికి రావాలి. ఫోన్‌లో అడిగితే ఎవరికీ రీసెట్ చేయను. 2023లో లాస్‌వేగాస్‌లోని ఎంజీఎం హోటళ్లు రోజుల తరబడి స్తంభించిపోవడానికి దారి తీసింది హెల్ప్‌డెస్క్‌కి వచ్చిన ఒక ఫోన్ కాలే అంటారు. మనిషి రావాలి, ఐడీ కార్డు చూపించాలి, రిజిస్టర్‌లో ఫొటోతో సరిపోవాలి. వాళ్ల సెక్షన్ లెక్చరర్ కూడా వచ్చి పిల్లవాణ్ణి గుర్తుపట్టాలి. నిన్న ఒక పెద్దమనిషి పేరు చెప్పి ఫోన్ వచ్చింది, కాస్త చూడండి మేడమ్ అని. పిల్లవాణ్ణి పంపించండి, అయిదు నిమిషాల్లో చేసేస్తానన్నాను.

నవంబర్ 14, శుక్రవారం

ప్రిన్సిపల్ గారితో కూర్చున్నాను. గూగుల్ 15 కోట్లకు పైగా అకౌంట్లకి తనే టూ స్టెప్ ఆన్ చేస్తే, అందులో దొంగల పాలయ్యేవి సగానికి తగ్గాయని 2022 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ లెక్క ఆయన ముందు పెట్టాను. "మిగతా సగం?" అన్నారు. ఆ ప్రశ్న కోసమే వెళ్లాను. ఎస్సెమ్మెస్ నుంచి యాప్‌కి, యాప్ నుంచి పాస్‌కీకి వెళ్లే దారి చెప్పాను. సొంత ఫోన్ లేని పిల్లల కోసం ఫోన్ బదులు పనిచేసే సెక్యూరిటీ కీలు కొన్ని కొని, లైబ్రరీ కౌంటర్‌లో పుస్తకాల్లాగే పేరు రాసి ఇద్దామన్నాను. కొన్నిటికి సరే అన్నారు. లైబ్రేరియన్ గారు అప్పుడే రిజిస్టర్‌లో ఏ గళ్లు గీయాలో అడుగుతున్నారు.

అడ్మిషన్ ఫారం కూడా మారుతోంది. ఇప్పటిదాకా మొబైల్ నంబర్ అని ఒకటే గడి ఉంది. వచ్చే ఏడాది నుంచి రెండు: విద్యార్థి సొంత నంబర్, తల్లి లేదా తండ్రి నంబర్. మొదటిది ఖాళీగా ఉంటే నాన్నది రాయకుండా ఖాళీగానే వదిలేయాలి, ఆ పిల్లకి కీ ఇవ్వాలి. ఆఫీసులో గుమస్తా గారు ఖాళీ గడిని కంప్యూటర్ తీసుకోదమ్మా అన్నారు. తీసుకునేలా ఆ ఫారం సాఫ్ట్‌వేర్ మార్చమని మా థర్డ్ ఇయర్ పిల్లలిద్దరికి అప్పగించాను. సోమవారం చూపిస్తామన్నారు.